నలభీమపాకమూ బొంబాయి చట్నీ

మన వినోదసాహిత్యంలోకి ఎట్టకేలకు వంటవాడు నాయకుడుగా వచ్చాడు. సంతోషించవలసిన విషయమే. జమీందారు బిడ్డ, కాలేజీ కుర్రవాడు, డాక్టరు, ఇంజనీరు, ఆ తరువాత అమెరికాలో కంప్యూటరు ఉద్యోగి - ఇన్నాళ్లూ మన కథల్లో ప్రేమించే హక్కు వీరికే వుండేది. పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి కూడా గుండె వుంటుందనీ, అది పొగకు మాత్రమే కాక ఒక పిల్ల నవ్వుకు కూడా ఉక్కిరిబిక్కిరి అవుతుందనీ మన కథకులకు తోచడానికి చాలాకాలం పట్టింది. సరే, తోచింది. తోచిన తరువాత వాళ్లు ఆ వంటవాణ్ణి ఏమి చేశారు? పొయ్యి దగ్గరనుంచి లేపి, చేతులు కడిగించి, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టారు. వెనక పొయ్యి మండుతున్నదా, ఆరిపోయిందా అని తొంగి చూసినవాడు లేడు. నా ఫిర్యాదు అదే.

నేను మాట్లాడబోయేది 'మిడిల్ క్లాస్ మెలోడీస్' అనే చిత్రం గురించి. దర్శకుడు వినోద్ అనంతోజు, రచయిత జనార్దన్ పసుమర్తి. సినిమాహాళ్లకు జనం పోలేని కరోనా రోజుల్లో, 2020 నవంబరు 20వ తేదీన, అమెజాన్ ప్రైమ్ ద్వారా అది నేరుగా ఇళ్లలోకి వచ్చింది. సాహిత్యవిమర్శ పత్రికలో సినిమా గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒకప్పుడు వారపత్రికల సీరియల్ నవల చేసిన పనిని - భోజనం చేసి పడక ఎక్కే ముందు మధ్యతరగతి మనిషికి కాసిని కలలు, కాసిని నవ్వులు అందించే పనిని - ఇప్పుడు ఇంట్లోని తెర చేస్తున్నది. నవలను ఏ ప్రశ్నలు అడిగేవాళ్లమో వాటినే దీన్నీ అడగాలి. పైగా ఇది నవలవలె తాపీగా, వీధి వీధీ చూపిస్తూ నడిచే కథ. అందుచేతనే దీనిమీద ఆశ పెట్టుకున్నాను. అందుచేతనే నిరాశ కూడా.

కథ కొలకలూరులో మొదలవుతుంది. గుంటూరు జిల్లా, తెనాలి దగ్గరి ఊరు. అక్కడ భార్యాభర్తలు నడుపుకునే చిన్న హోటలు. కొడుకు రాఘవ బొంబాయి చట్నీ చేయడంలో గట్టివాడు. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ - ఈ మూడింటితో అతను గుంటూరును జయించాలనుకుంటాడు. అక్కడ సొంత హోటలు పెట్టాలని అతని కోరిక. తండ్రి కొండలరావుకు నోరు పెద్దది, కొడుకు మీద నమ్మకం చిన్నది. గుంటూరులో దుకాణపు గది నాగేశ్వరరావు అనే ఆయనది. ఆయన కూతురు సంధ్య మీద రాఘవకు ప్రేమ. హోటలు మొదట నడవదు, తరువాత నడుస్తుంది. ప్రేమ మొదట ముందుకు సాగదు, తరువాత సాగుతుంది.

దీనిలో మంచి లేదనను. ఆ ఊరి మాట ఆ ఊరి మాటలాగే వున్నది. తండ్రిగా గోపరాజు రమణ నటన చూస్తే, ప్రతి ఊళ్లోనూ అరుగుమీద కూర్చుని కొడుకుని తిట్టే తండ్రి లేచి నడిచివచ్చినట్టుంటుంది. కత్తులు లేవు, కారుల పేలుళ్లు లేవు, పదిమందిని ఒంటిచేత్తో కొట్టే వీరుడు లేడు. ఇంత నిరాడంబరంగా తెలుగు చిత్రం తీయడం తేలిక కాదు. తీసినవారు పనివాళ్లు. అందుకే వాళ్లతో పోట్లాడబుద్ధవుతున్నది. పనికిమాలినవాళ్లతో పోట్లాట దేనికి?

మొట్టమొదట ఆ పేరు చూడండి. మిడిల్ క్లాసట! తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు జీవితమంతా మధ్యతరగతిని గోరుతో గీరి గీరి, పై పూత కింద ఏమున్నదో చూపించాడు. ఆ ఊరి పొలిమేరలోనే ఈ కథ పుట్టి, ఆ పూతనే మళ్లీ వేసింది. పల్లెటూళ్లో ఇడ్లీపాత్ర దించుకుంటూ బ్రతికే కుటుంబమూ మధ్యతరగతే. పట్నంలో గదులు అద్దెకిచ్చుకునే కుటుంబమూ మధ్యతరగతే. అద్దె కట్టేవాడూ అద్దె పుచ్చుకునేవాడూ ఒకే మాటలో ఇమిడిపోయిన తరువాత వారిమధ్య ఇక తగాదా ఏముంటుంది? వియ్యం తప్ప!

నిజంగా జరిగింది అదే. గది యజమానీ, పిల్ల తండ్రీ ఒకడే కావడం ఈ కథకు ప్రాణం వంటి ఏర్పాటు. చిన్న హోటలువాడికి అద్దె ఎంత భారమో అద్దె కట్టినవాడికే తెలుసు. ఒకటో తేదీ వస్తున్నదంటే చట్నీలో పల్లీలు తగ్గుతాయి, నూనె రెండోసారి కాగుతుంది, పనిపిల్లవాడి జీతం వచ్చేవారానికి వాయిదా పడుతుంది. ఇది ఆస్తివున్నవాడికీ లేనివాడికీ మధ్య వున్న సంబంధం. కథకులు చేతికి చిక్కిన ఈ ముడిని విప్పకుండా, దానికి పసుపు రాసి మూడు ముళ్లలో కలిపేశారు. యజమానిని మామగారిని చేస్తే అద్దె సమస్య పెళ్లి సమస్యగా మారిపోతుంది. పెళ్లి సమస్యను చివరి పావుగంటలో పరిష్కరించడం మన కథకులకు వెన్నతో పెట్టిన విద్య.

ఇక హోటలు ఎందుకు ఓడింది, ఎందుకు గెలిచింది? కథ దృష్టిలో అది రుచి వ్యవహారం, పట్టుదల వ్యవహారం. గ్యాసుబండ ధర, నూనె ధర, కిరాణాకొట్టులో అరువు, ఎదురుగుండా వున్న పెద్ద హోటలు - ఇవి కథను నడపవు. కథ నడుస్తుంటే పక్కన నిలబడి చూస్తుంటాయి. మనిషి చేతిలో గుణం వుంటే చాలు, లోకం దానంతటది దారి ఇస్తుందనే పాత నీతికథ ఇది. ఈ లెక్కన మూతపడ్డ ప్రతి హోటలువాడూ చేతిలో రుచి లేనివాడేనా? కరోనా దెబ్బకు 2020లో మూతపడ్డ వేలాది టిఫిను బండ్లవాళ్లకు చట్నీ చేయడం చేతకాలేదా? బండ్లు ఆగిన ఆ సంవత్సరంలోనే జనం ముందుకు వచ్చిన చిత్రం గదా ఇది!

అమలాపురంలో నా దగ్గర చదువుకునే ఒక కుర్రవాడు, మంచి తెలివైనవాడు, ఈ మాటలు విని ఊరుకోలేదు. "నవ్వుకోవడానికి తీసినదాంట్లో మీరు కూలి లెక్కలు వెతుకుతున్నారు మాస్టారూ! పెళ్లికి వెళ్లి పంతులుగారి జీతమెంతని అడిగినట్టుంది" అన్నాడు. చుట్టూ వున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కాని అతనికి సమాధానం చెప్పకుండా వదలడం న్యాయం కాదు. మనలో కొందరు హాస్యమంటే ముఖం చిట్లిస్తారు. విప్లవం అయ్యేదాకా ఎవరూ నవ్వకూడదని వాళ్ల భావం కాబోలు. నేను ఆ కోవలోవాణ్ణి కాను. లెక్క వున్నచోటే హాస్యం పండుతుందని నా వాదన. దీనికి మన సాహిత్యంలోనే సాక్ష్యం వున్నది. అయితే ముందు, సాక్ష్యానికి అడ్డం వచ్చే పాత అలవాటు ఒకదాన్ని గురించి చెప్పాలి.

వంట బాగుంటే మనం ఏమంటాము? నలభీమపాకం అంటాము. నలుడెవరు? నిషధరాజు. భీముడెవరు? పాండురాజు కొడుకు. వంటను మెచ్చుకోవడానికి మన భాషకు ఇద్దరు క్షత్రియులు దొరికారు గాని, ఒక్క వంటవాడు దొరకలేదు. వాళ్లిద్దరికీ వంట వృత్తి కాదు, మారువేషం. భీముడు విరటుని వంటశాలలో వలలుడనే పేరుతో ఏడాది దాక్కున్నాడు. గడువు తీరగానే గరిటె పారవేసి గద పట్టాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో గుర్రాలు తోలాడు, వంట చేశాడు. అతను వండిన మాంసం రుచి చూసి దమయంతి తన భర్తను గుర్తుపట్టింది. అందమైన ఘట్టం, కాదనను. రుచి ద్వారా ప్రియుణ్ణి తెలుసుకోవడమనే ఎత్తు ఈనాటి సినిమావాళ్లు కనిపెట్టింది కాదు, భారతం నాటిది. కాని ఆ వంటశాలల్లో రాజులు కానివాళ్లు, వేషం తీసివేయడానికి వీలులేనివాళ్లు, జీవితమంతా కట్టెలు ఎగదోసినవాళ్లు వుండి వుండాలి గదా? వాళ్ల పేర్లు మనకు చేరలేదు. 'మిడిల్ క్లాస్ మెలోడీస్' రాఘవ వలలుడి వంశంవాడే. అతని కష్టం కూడా అజ్ఞాతవాసమే. గడువు వున్నది, గడువు తరువాత పట్టాభిషేకం వున్నది. మొదటినుంచీ మనకు ఆ సంగతి తెలుసు. తెలిసినప్పుడు గుండె ఎందుకు దడదడలాడుతుంది?

ఇప్పుడు నేను చెప్పిన సాక్ష్యానికి వస్తాను. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాయబడి మనకు ఇప్పుడున్న రూపం వచ్చింది. దానిలో అందరూ గిరీశాన్ని తలుచుకుంటారు, మధురవాణిని తలుచుకుంటారు. నేను పూటకూళ్లమ్మను తలుచుకుంటాను. డబ్బు తీసుకుని పూట పూటకూ అన్నం పెట్టి బ్రతికే మనిషి ఆమె. నేటి భాషలో హోటలు నడిపే ఆడది. నాటకం తెర లేవగానే గిరీశం ఒప్పుకునే మొదటి నేరం ఏమిటి? సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకువెళ్లి వేశ్యకింద ఖర్చు చేయడం. ఆ ఇరవై రూపాయలు బియ్యం, పప్పు, చింతపండు కావలసినవి. గురజాడ వంటమనిషి డబ్బును మొట్టమొదటి రంగంలోనే లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు. తరువాత ఆమె చీపురుకట్ట పుచ్చుకుని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు, మంచంకింద దాక్కున్నవాళ్లను చూసి మనం పగలబడి నవ్వుతాము. ఎందుకు నవ్వుతాము? ఆ చీపురుకట్ట వెనక ఇరవై రూపాయల న్యాయం వున్నది గనుక. ఆ లెక్క తీసివేయండి, మిగిలేది ఒక గయ్యాళి అరుపు, అంతే. నా విద్యార్థికి నేను చెప్పదలచుకున్నది ఇదే: కూలి లెక్క హాస్యానికి ఆటంకం కాదు, గురజాడ చేతిలో హాస్యానికి ముడిసరుకే అది.

ఇరవై రూపాయలను మరచిన తరువాత మన వినోదకథ ఎక్కడికి వచ్చిందో చూపించడానికి మరి రెండు చిత్రాలు చాలు. 2014లో ప్రకాశ్ రాజ్ తీసిన 'ఉలవచారు బిర్యాని'కి మూలం 2011 నాటి మలయాళ చిత్రం 'సాల్ట్ అండ్ పెప్పర్'. ఆ మూలంలో నాయకుడు పెళ్లిచూపులకు వెళ్లి, పిల్లను వద్దని, ఆ ఇంటి వంటవాణ్ణి తీసుకువస్తాడు. మంచి చమత్కారమే. ఆ వంటవాణ్ణి ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న వేస్తే చమత్కారం ఇంకా పదునెక్కేది, ఎవరూ వేయరు. 2023లో వచ్చిన 'మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి'లో నాయిక లండనులో పేరుమోసిన వంటగత్తె. ఆమెను బ్యాంకు మేనేజరుగా మార్చినా, పూలదుకాణం యజమానురాలిగా మార్చినా కథలో ఒక్క ముడి కదలదు. వంట అక్కడ చీరమీది అంచు.

ఇట్లా కాకుండా రాయవచ్చునని చూపించినవాడు గోర్కీ. 1899లో అచ్చయిన 'ఇరవైఆరుగురు మనుషులూ ఒక అమ్మాయీ' కథను మన విద్యార్థులు తప్పక చదవాలి. నేలమాళిగలో రొట్టెచుట్టలు చేసే కూలీలు ఇరవైఆరుమంది. గాలి రాదు, కిటికీల అద్దాలకు పిండి పట్టి వెలుతురు రాదు. తెల్లవారకముందే లేచి రాత్రిదాకా పిండి చుట్టడం. రోజూ ఉదయం తాన్యా అనే పిల్ల వచ్చి తలుపులో నిలబడి రొట్టెచుట్టలు అడుగుతుంది. ఇరవైఆరుమందీ ఆమెను ప్రేమిస్తారు. ఆ ప్రేమ వాళ్ల పనిలోంచి పుట్టింది. వాళ్లకు ఇవ్వడానికి వున్నది ఆ వేడి రొట్టెచుట్టలే. చివరకు ఆ ప్రేమను వాళ్లే తమ నోటితో మురికిచేసుకుంటారు. ఆమె తల ఎత్తుకుని వెళ్లిపోతుంది. కథ చదివినవాడికి పొయ్యి సెగ ముఖానికి తగులుతుంది. గోర్కీకి ఆ సెగ పుస్తకాల్లో దొరకలేదు. కజానులో రొట్టెల కొట్టులో తానే పనిచేశాడు. అంతకుముందు వోల్గానది పడవమీద గిన్నెలు కడిగే కుర్రవాడుగా వున్నప్పుడు అతనిచేత పుస్తకాలు చదివించినవాడు స్మూరీ అనే వంటవాడు. ప్రపంచసాహిత్యం ఒక వంటవాడికి ఇంత బాకీపడి వున్నదని మనం ఎప్పుడైనా తలుచుకుంటామా?

మనకు కజాను దాకా పోవలసిన పని లేదు. అమలాపురంలో బస్సెక్కి కొత్తపేట, రావులపాలెం దాటి ఆత్రేయపురం వెళితే చాలు. కోనసీమ పేరు చెప్పగానే కొబ్బరిచెట్లూ, కాలువలూ, పచ్చని చేలూ తెరమీదకు తెచ్చే సినిమావాళ్లు ఆ చెట్లకింది పొయ్యిని కూడా ఒకసారి చూడవచ్చు. పూతరేకు ఎట్లా పుడుతుందో చూసినవాళ్లు తక్కువ, తిన్నవాళ్లు ఎక్కువ. బియ్యం నానబెట్టి పాలవలె పలచగా రుబ్బుతారు. నున్నని కుండను పొయ్యిమీద బోర్లిస్తారు. కింద ఎండిన కొబ్బరాకు మంట. కొబ్బరాకు భగ్గున లేస్తుంది, భగ్గున ఆరుతుంది. అందుచేత ఒక చేయి ఎప్పుడూ మంటమీద వుండాలి. పలచని గుడ్డను పిండిపాలలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కాగిన కుండ వీపుమీద ఒక్కసారి పరిచి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా పొర ఆరి రేకవుతుంది. దాన్ని చేత్తో ఒలిచి పక్కన పెట్టాలి. పిండి చిక్కనైతే రేకు మందమవుతుంది, మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. కుండ పక్కన కూర్చునేవారు ఆడవాళ్లు. పొగ కళ్లలోకి, సెగ చేతులమీదకు; లెక్క మాత్రం రేకుల లెక్క.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఇతర చోట్ల చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకుండా ఊరిని కాపాడుతుంది. గుర్తింపు ఊరికి వచ్చింది, మిఠాయికి వచ్చింది. కుండముందు కూర్చున్న మనిషికి? రేకు చేసేచోటు వేరు, నెయ్యీ బెల్లమూ చల్లి మడతపెట్టి రంగుల పెట్టెలో పెట్టి రహదారి పక్కన అమ్మేచోటు వేరు. ఈ రెండు చోట్ల మధ్య వున్న దూరంలోనే ఒక నవల వున్నది. ప్రేమ కూడా వున్నది. రేకు ఒలిచే పిల్లా, పెట్టెలు మోసే కుర్రవాడూ ప్రేమించుకోరని ఎవరన్నారు? పెళ్లిళ్ల రోజులు వచ్చేసరికి పని ఎక్కువై తన పెళ్లికి తనకే తీరికలేని పూతరేకుల పిల్ల కథ ఎంత నవ్విస్తుంది, ఎంత కుదిపివేస్తుంది! ఎవడూ రాయడు. రాఘవకు చట్నీ ఎట్లా కుదిరిందన్నది మనకు ముఖ్యమైంది.

అక్కడినుంచి దక్షిణానికి, వైనతేయ గోదావరి ఒడ్డుకు వద్దాము. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఊరు. 1841లో పుట్టి 1909లో పోయింది. ఏటి రేవు దాటి వచ్చిన బాటసారికి వేళకాని వేళలో కూడా అన్నం పెట్టిన ఇల్లాలు. కోనసీమలో ఆమె పేరు చెప్పి చేతులు జోడించనివారు వుండరు, నేనూ జోడిస్తాను. గన్నవరం దగ్గర నదిమీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్రప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. 2025 జనవరిలో దాన్ని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు విస్తరించారు. అంతా బాగున్నది. కాని సీతమ్మగారు దాత. ఆమె అన్నానికి వెనక పొలం వున్నది, గాదె వున్నది. నేడు ఆమె పేరుమీద వండుతున్న మనిషికి పొలమూ లేదు, గాదే లేదు. ఆమె పని దానం కాదు, కూలి. మన సమాజం దానం చేసినవారికి విగ్రహం పెడుతుంది, కూలి చేసినవారికి కూలి పెట్టడానికి వెనకాడుతుంది.

ఎంత కూలి? కేంద్రం 2009లో బడి వంటమనిషికి నెలకు 1,000 రూపాయలు అని నిర్ణయించింది, అదీ ఏడాదికి 10 నెలలు. 2024 దాకా ఆ వేయి కదలలేదు. మన రాష్ట్రంలో 2019లో 3,000 చేశారు. నెలకు 24 పనిరోజులనుకుంటే రోజుకు 125 రూపాయలు. దీని పేరు జీతం కాదు, గౌరవవేతనం. పిల్లలు వందమంది దాకా వుంటే వంటకు ఇద్దరు చాలని నిబంధన. బియ్యం సర్కారుది, కూరగాయలకు ముందు తన చేతిడబ్బో, అరువో పెట్టి, బిల్లు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడడం ఈ వంటమనుషులకు కొత్త కాదు. పూటకూళ్లమ్మకు ఇరవై రూపాయలు ఎగవేసిన గిరీశం ఒక్కడే. ఈమెకు బాకీపడ్డవాడు ఎక్కడ మంచంకింద దాక్కున్నాడో చీపురుకట్ట పట్టుకుని వెళ్లినా కనిపించడు.

ఇంకొక సంగతి. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో, వంటవాళ్ల నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. చెప్పవలసి వచ్చిందంటేనే దేశం సంగతి తెలుస్తున్నది. దళితస్త్రీ వండితే మా పిల్లలు తినరని పళ్లాలు పట్టుకుని లేచిపోయిన ఊళ్లు ఈ దేశంలో ఎన్నో వున్నవి. ఇక మన జిల్లా మాట. 2022లో ఈ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చబోతే, మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఎవరి చేతి అన్నం ఎవరు తింటారన్న ప్రశ్న ఇక్కడ చట్నీలో ఉప్పు ప్రశ్న కంటే కాస్త పెద్దది. హోటలు కథ రాసేవాడు ఈ ప్రశ్నను తప్పుకుని వెళ్లడానికి ఎంత పెద్ద చుట్టుదారి పట్టాలో ఆలోచించండి. రుచి, పట్టుదల, ప్రేమ - ఇవన్నీ ఆ చుట్టుదారిలోని మజిలీలు.

2020 నవంబరు 20న రాఘవ హోటలు తెరమీద వెలిసిందని చెప్పాను. నెల తిరగకుండా, డిసెంబరులో, అలహాబాదు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లాలో ఏళ్లతరబడి నెలకు వేయి రూపాయలకు బడిలో వండిన ఒక స్త్రీ, తనను పనిలోంచి తీసివేశారని కోర్టుకు ఎక్కింది. వేయి రూపాయలకు వంట చేయించడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని న్యాయమూర్తి అన్నాడు. వెట్టి అనే మాట న్యాయస్థానం వాడింది, నేను కాదు. వంటమనిషి కథలో నిజమైన మలుపు అంటే అటువంటిది. తెలిసో తెలియకో అదే చలికాలంలో మనమంతా ఒక చట్నీ గెలవాలని ముక్కోటి దేవతలకు మొక్కుకుంటూ తెర ముందు కూర్చున్నాము. నేనూ కూర్చున్నాను. రాఘవ హోటలుకు జనం వచ్చినప్పుడు నాకూ సంతోషమే కలిగింది, ఆ మాట దాచను. మర్నాడు బడిముందునుంచి వెళుతూ, గోడపక్కన మూడు రాళ్ల పొయ్యిమీద డేగిసా ఎక్కిస్తున్న ఆమెను చూసినప్పుడు ఆ సంతోషం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

మా కుర్రవాడు చివరకు ఒక మెట్టు దిగాడు. "అయితే ఆమె కథలో ప్రేమ పెట్టకూడదంటారా?" అని అడిగాడు. ఎందుకు పెట్టకూడదు? ఆమె నవ్వుతుంది, పరాచికాలాడుతుంది, గిన్నెలు కడుగుతూ పక్కామెతో కిరాణా కొట్టువాడిమీద ఎగతాళి చేస్తుంది. ఆ ఎగతాళి విని, అక్షరం పొల్లుపోకుండా రాయగలిగితే చాలు, మిడిల్ క్లాసు వినోదం ఎగిరి గోదావరిలో పడుతుంది. ప్రేమ మొదటి రంగంలో పెట్టమనండి, మూడో రంగంలో పెట్టమనండి. తెర లేవగానే మాత్రం కిరాణాకొట్టు ఖాతాపుస్తకం తెరిచి వుండాలి. ఆమె పేరున ఎంత బాకీ వున్నదో అంకెలతో సహా నాకు కనిపించాలి.